బద్లీ ఆటగాడు

మా వాడలో ఆటకు పిలిచే పద్ధతి ఒకటి ఉండేది. ఎండాకాలంలో పొద్దు కాస్త వాలగానే ఇద్దరు ముగ్గురు బయలుదేరి, వాడ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తూ, ఆడేవాళ్ళ ఇంటి ముందల్లా ఆగి "ఇసుకలకు నడువు" అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిచేది లేదు, లోపలికి తొంగిచూసేది లేదు. ఆ మాట చెవిన పడితే తింటున్నవాడు చెయ్యి కడుక్కునేవాడు, పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు. మీసం రానివాడి నుంచి ముగ్గురు పిల్లల తండ్రి దాకా అందరికీ అదే పిలుపు. మహారాష్ట్ర కొసన ఉన్న మా సిరోంచలో చలి పోయాక నది ఒక వారకు ఒదుగుతుంది, మిగిలిన మేరంతా ఇసుకే. అక్కడ మడమతో గీతలు గీసి చెడుగుడు ఆడేవాళ్ళం.

ఇసుకలో గీసిన గీత ఎంతసేపుంటుంది? నాలుగు కూతలయ్యేసరికి చెరిగిపోయేది. అంపైరు అనేవాణ్ణి మేం చూసి ఎరగం. పొద్దు కళ్ళల్లో పడుతుంటుంది, ఇసుక ఎగురుతుంటుంది, ఇరవై మంది ఒక్కసారే అరుస్తుంటారు. ఎవరికి వేలు తగిలిందో ఎవరికి తగల్లేదో పక్కనున్నవాడికి కూడా తెలిసేది కాదు. అందుకని మాకున్నది ఒకటే కట్టుబాటు. తగిలినవాడే తనంతట తాను లేచి బయటికి పోవాలి. కూతకు వచ్చినవాడు అడగడు, తగిలినవాడు వాదించడు.

తగిలిన సంగతి దాచినవాణ్ణి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. తిట్లు లేవు, కొట్లాట లేదు, పంచాయతీ అసలే లేదు. మరునాడు పిలిచేవాళ్ళు అతని ఇంటి ముందు ఆగకుండా వెళ్ళిపోయేవాళ్ళు, అంతే. ఒక వేసవిలో మా మూలింటి అతన్ని అలాగే దాటేశారు. పిలవడానికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. అతను నిక్కరు తొడుక్కుని, సిద్ధంగా, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మేము మాటల్లో పడ్డట్టు నటిస్తూ దాటిపోయాం. నాకు అప్పుడు జాలి వేయలేదు. నిజం చెప్పాలంటే కాస్త గొప్పగా కూడా అనిపించింది.

నా ఆట మూల ఆట. ఏడుగురం చేతులు పట్టుకుని నిలబడితే కొసన ఉండేవాణ్ణి నేను. కూతకు వచ్చినవాడు వెనక్కి తిరిగే క్షణంలో అతని చీలమండ దొరకబుచ్చుకోవడం నా పని. ఇసుకలో ఎగిరి దూకడం కుదరదు, కాలు దిగబడుతుంది. కాబట్టి మోకాళ్ళ మీద కూలబడి, చేపను పట్టినట్టు రెండు చేతులా కాలు పట్టేవాణ్ణి. ఎనభైల మొదట్లో ఒక చలికాలం అహేరిలో పోటీలు పెడితే మావాళ్ళతో కలిసి సర్కారు ఎస్టీ బస్సెక్కి వెళ్ళాను. మేము రెండో ఆటలోనే ఓడిపోయాం. సామాను సర్దుకుంటుంటే టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చి, నా మొహం చూడకుండా మోకాళ్ళు చూసి, ఎవరి కొడుకువని మరాఠీలో అడిగాడు. చంద్రాపూర్ అవతల ఒక ఊళ్ళో బట్టల మిల్లు ఉందనీ, మిల్లుకు కబడ్డీ జట్టు ఉందనీ, దానికి తను ఆటల సాహెబుననీ చెప్పాడు. వచ్చి ఆడితే మిల్లులో పెట్టుకుంటామన్నాడు. బడి నుంచి దాఖలా సర్టిఫికెట్టు తెచ్చుకోమన్నాడు. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది, దాని పేరుతో ఇప్పుడెవరికీ పని లేదు.

మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ నమ్మలేదు. నాన్నను నేను బాపు అనేవాణ్ణి, అమ్మను అవ్వ. బాపుకు తెలిసిన లోకంలో జీతం అంటే ఒళ్ళు వంచినందుకు ఇచ్చేది. ఆడినందుకు ఎవడిస్తాడు? ఎవడో మేస్త్రీ కూలికి తోలుకుపోవడానికి ఇలా కొత్త ఎత్తు ఎత్తాడని ఆయన అనుమానం. వారం రోజులు వాడలో కనపడ్డవాళ్ళందర్నీ అడిగాడు. చివరికి బడి పంతులు ఇలాంటివి ఉంటాయని చెబితే ఊరుకున్నాడు. మా వాడలో ఆటకు జీతం తీసుకోబోతున్న మొదటివాణ్ణి నేనే. అవ్వ ఎండుచేపలు, చింతపండు మూట కట్టింది. బస్సు దగ్గరికి వచ్చిన బాపు చాలాసేపు డ్రైవరునే చూస్తూ నిలబడి, కదిలేముందు ఒక్క మాట అన్నాడు. "మోకాళ్ళు జర పైలం బిడ్డా. మళ్ళ దున్నాలె."

మిల్లులో నన్ను బద్లీగా రాసుకున్నారు. బద్లీ అంటే పనికి రాని మనిషి బదులు ఆ రోజుకు పనిచేసేవాడు. పొద్దున షిఫ్టుకు ముందే వచ్చి గేటు బయట నిలబడాలి. ఎవరెవరు రాలేదో గుమాస్తా చూసుకుని, వాళ్ళ చోట్లకు మాలో కొందరి పేర్లు చదువుతాడు. పేరు చదివితే పని ఉన్నట్టు, చదవకపోతే ఇంటికి. ఆటగాళ్ళ పేర్లు మాత్రం ఏదో విధంగా చదివేసేవాడు. అందుకే మిగతా బద్లీలకు మేమంటే ఒళ్ళుమంట. వాళ్ళ కోపంలో తప్పేమీ లేదు. పెళ్ళాం పిల్లలున్నవాడు గేటు బయట ఉండిపోతుంటే, కాళ్ళు పట్టడం తప్ప ఏ పనీ రానివాడు లోపలికి పోతున్నాడు.

లోపల రోజూ నేను ఇంకొకరి చోట కూర్చునేవాణ్ణి. మేకుకు ఇంకొకరి తువ్వాలు, గూట్లో ఇంకొకరి గ్లాసు, మరమగ్గానికి ఇంకొకరు అంటించిన దేవుడి బొమ్మ. నాకు మగ్గం నడపడం రాదు కాబట్టి కింద రాలిన దూది ఊడ్చేవాణ్ణి, నూలు కండెలు మోసేవాణ్ణి. పక్కవాళ్ళు నా పేరు అడగలేదు. రేపు నేను అక్కడ ఉండనని వాళ్ళకు తెలుసు. ఆ రోజు రానివాడి పేరుతోనే నన్నూ పిలిచేవాళ్ళు. ఆ లెక్కన ఆ మిల్లులో నాకు చాలా పేర్లుండేవి. మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు ఒకసారి, గదిలో ఎవరూ లేనప్పుడు, నా పేరు నేనే పైకి అనుకున్నాను. అనుకున్నాక చాలా సిగ్గేసింది.

గదిలో నలుగురం ఉండేవాళ్ళం. మిగతా ముగ్గురూ ఒకే తాలూకావాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు. నా మరాఠీ బడి మరాఠీ. వాళ్ళు మాట్లాడే మరాఠీలో సగం మాటలు బడిలో చెప్పనివి. వాళ్ళు నవ్వాక ఒక క్షణం ఆగి నేను నవ్వేవాణ్ణి, అది చూసి వాళ్ళు మళ్ళీ నవ్వేవాళ్ళు. చెడ్డవాళ్ళు కారు. నా కోసం కష్టపడి ఏదో ఒకటి అడిగేవాళ్ళు, నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాణ్ణి, అంతటితో వాళ్ళకూ నాకూ పని తీరేది.

దానికి తోడు మొదటి మ్యాచ్‌లోనే పరువు తీసుకున్నాను. నేను మూల మనిషినే అయినా ఒకసారి కూతకు పంపారు. "కబడ్డీ కబడ్డీ" అంటూ బాగానే వెళ్ళాను. అవతలివాళ్ళు ఇద్దరు మీదికి వచ్చేసరికి నోరు దాని అలవాటున అది "చెడుగుడు చెడుగుడు" అందుకుంది. ఈల పడింది. కూత మారిస్తే అవుటని అంపైరు చెయ్యెత్తాడు. ఆ తర్వాత నెల రోజుల పాటు మెస్సులో నేను పళ్ళెం పట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు వెనక నుంచి చెడుగుడు అనేవాళ్ళు. ఇసుకలో నేర్చిన మోకాళ్ళు గట్టి నేల మీద రోజూ చెక్కుకుపోయేవి. పుండు మానేలోపు ఇంకో మ్యాచ్ వచ్చేది.

ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చేవి గానీ, అవి బాపు ఉత్తరాలు కావు. బాపుకు రాయడం రాదు. బడి పంతులు రాసేవాడు, అదీ మరాఠీలో. ఇక్కడ అందరూ క్షేమమనీ, తమరి క్షేమం కోరుతున్నామనీ, పంట యథావిధిగా ఉందనీ అచ్చం తహసీలుకు పెట్టుకున్న దరఖాస్తులా ఉండేది. బాపు మాట ఒక్కటైనా ఉంటుందేమోనని రెండు పక్కలా తిప్పి చూసేవాణ్ణి. నేను రాసిందీ అదే పంతులు వాళ్ళకు చదివి వినిపించేవాడు. నాకప్పటికి తెలుగు అక్షరాలు రావు. మా ఊళ్ళో బడి అంతా మరాఠీయే. తెలుగు రాత తర్వాత చాలా ఏళ్ళకు నది అవతలి మా మేనమామ దగ్గర కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అవ్వ ఎండుచేపల గురించి అడిగితే అది మరాఠీలోకి పోయి, నేను బాగున్నాయని రాస్తే అది మళ్ళీ మరాఠీలోంచి ఆమె దగ్గరికి వెళ్ళేసరికి ఎంత మిగిలేదో నాకు తెలియదు.

వానాకాలం మరీ కష్టం. వాగులు పొంగి సిరోంచ దారి తెగిపోయేది. సెలవులకు గదిలో ముగ్గురూ ఇళ్ళకు పోయేవాళ్ళు. నేను ఒక్కణ్ణే మిగిలేవాణ్ణి. వాన పడుతున్న మైదానం కేసి చూస్తూ కూర్చునేవాణ్ణి, దాన్నే చూస్తూ అన్నం తినేవాణ్ణి. మా నది ఇప్పుడు ఎంత ఎత్తున ఉండి ఉంటుందో లెక్క కట్టేవాణ్ణి. అంత ఒంటరితనం నేను తర్వాత ఎప్పుడూ పడలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి చివర్లో చెబుతాను.

ఆ ఊళ్ళో నాకు మనిషి అంటూ ఉన్నది మా కెప్టెన్ ఒక్కడే. దాదా అనేవాణ్ణి, మరాఠీలో అన్న అని. వార్ధా వైపు పల్లె, ముప్పై దాటిన వయసు, ఎడమ చెవి పట్టుల్లో నలిగి నలిగి ముద్దగా అయిపోయింది. మూలలో నా పక్కన, నా చెయ్యి పట్టుకుని నిలబడేది అతనే. ఎంత గొప్ప ఆటగాడో అంత పాత బద్లీ. తొమ్మిదేళ్ళుగా అదే గేటు బయట నిలబడుతున్నాడు. అతని తర్వాత వచ్చినవాళ్ళు పర్మనెంటయి సైకిళ్ళు కొన్నారు. ఆడగలిగినన్నాళ్ళే గుమాస్తా అతని పేరు చదువుతాడు. ఆట ఆగిన రోజు నుంచి అతను గేటు బయట ఉండిపోయే మామూలు బద్లీ. ఈ సంగతి అతను నాకు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అతను తన మోకాలికి నూనె రాసుకునే తీరు చూస్తే తెలిసేది.

దాదా నాకు నోటితో నేర్పింది తక్కువ. అంతా అరచేత్తోనే. చెయ్యి వదులు చేస్తే దూకు, బిగిస్తే కదలకు. ఇసుకలో నాకు పట్టడం తెలుసు గానీ ఆగడం తెలియదు. ఆగడం అతని అరచేతి నుంచి నేర్చుకున్నాను. ఒకసారి, అవతలివాళ్ళకు అర్థం కాని మాట ఒకటి కావాలి, మీ భాషలో పట్టుకో అనడానికి ఏమంటారని అడిగాడు. "పట్టు" అంటామన్నాను. ఆ రోజు నుంచి మైదానంలో దాదా "పట్టు" అని అరిస్తే నేను దూకేవాణ్ణి. ఆ ఊళ్ళో ఇంకొకరి నోట నేను విన్న తెలుగు ఆ ఒక్క ముక్కే. దాన్ని వినడానికే కొన్ని సాయంత్రాలు సాధనకు ముందుగా వెళ్ళిన మాట నిజం.

కొన్ని ఆదివారాలు తన ఇంటికి తీసుకెళ్ళేవాడు. మిల్లు వెనక ఒక గది, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. వదిన జొన్నరొట్టె, శనగపిండి కూర పెట్టేది. మీ ఊరు ఎంత దూరమని ప్రతిసారీ అడిగేది, ప్రతిసారీ అయ్యో అనేది. రెండో చలికాలం పోటీలకు ముందు మాత్రం వేరే మాట అడిగింది. ఆటల సాహెబు అప్పటికి జట్టంతటి ముందూ చెప్పి ఉన్నాడు, ఈసారి కప్పు తెస్తే ఇద్దర్ని పర్మనెంటు చేయిస్తానని. మొదటి పేరు దాదాది, రెండోది నాది. దాదా చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళినప్పుడు ఆమె గొంతు తగ్గించి, ఈసారి అవుతుందా అని అడిగింది. నాకేదో తెలిసినట్టు. అవుతుంది వదినా అన్నాను. నాకు నా పర్మనెంటు మీద అంత ఆశ లేదు. నాకు మా ఇసుక ఉంది, మడి ఉంది. ఆమె అడిగిన తీరుకు మాత్రం ఆ కప్పు ఎలాగైనా గెలవాలనిపించింది.

ఫైనల్ దాకా వచ్చాం. గడ్చిరోలి నుంచి కూడా జనం వచ్చారు. ఆ ఆటంతా నాకు గుర్తులేదు, చివరి రెండు నిమిషాలు మాత్రం మరిచిపోదామన్నా కుదరదు. మేము మూడు పాయింట్లు ముందున్నాం. మా వైపు మిగిలింది ఇద్దరమే, నేను, దాదా. అందరూ అవుటైతే అవతలివాళ్ళకు రెండు పాయింట్లు అదనం. మాకు కావలసింది అవుట్ కాకుండా నిలబడటం, అంతే. వాళ్ళ పొడుగాటి ఆటగాడు కూతకు వచ్చాడు. చెయ్యి బారచాపి మా మీదికి ఒక్క విసురు విసిరి, మేము వెనక్కి వంగగానే తన వైపుకు పరుగెత్తాడు. ఆ విసురులో అతని వేలి కొస నా బనీను భుజానికి తగిలింది. ఈగ వాలినంత.

అతనికి తెలియలేదు. తన గీత దాటి, ఉత్తచేతులతో వచ్చానన్నట్టు తల దించుకుని నడుస్తున్నాడు. అంపైరు కూడా చూడలేదు, మమ్మల్ని కూతకు రమ్మని సైగ చేస్తున్నాడు. నా చెయ్యి ఇంకా దాదా చేతిలోనే ఉంది. ఆ చెయ్యి బిగిసింది. వేళ్ళ కణుపులు నొప్పిపుట్టేంత బిగిసింది. నేను చెయ్యి లాక్కుని, గీత దాటి, బయటికి వెళ్ళి కూర్చున్నాను.

ఒక్క క్షణం మైదానంలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అంపైరు నన్ను చూసి, ఆ పొడుగాటివాణ్ణి చూశాడు. అతను కాస్త ఆలస్యంగా చెయ్యెత్తాడు. ఈల పడింది. ఇక దాదా ఒక్కడే కూతకు వెళ్ళాలి. వెళ్ళాడు. అయిదుగురు మీద పడ్డారు. గీత దాకా పాకాడు, అతని వేళ్ళకూ గీతకూ మధ్య జానెడు దూరం ఉండగా కూత ఆగిపోయింది. వాళ్ళకు ఆ అదనం కూడా కలిసి, ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

నేను దీన్ని చాలా ఏళ్ళు అలవాటు అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం కాదు. మా ఇసుకలో పెరిగిన ఏ మనిషైనా అక్కడ లేచి వెళ్ళేవాడే. అంపైరు ఉన్నాడని, చూడాల్సింది అతనని, చూడకపోతే తగలనట్టేనని తెలియక కాదు, ఏడాదిన్నరగా ఆడుతున్నాను, తెలుసు. ఆ క్షణానికి కాళ్ళకు గుర్తురాలేదు. కానీ చెయ్యి బిగిసిన సంగతి నాకు తెలిసింది. అది తెలిసీ లాక్కున్నాను. ఆ ఒక్కటీ అలవాటు అనడానికి నోరు రాదు.

మరునాడు పొద్దున గేటు దగ్గర గుమాస్తా పేర్లు చదివాడు. నా పేరు లేదు. కప్పు పోయినందుకు సాహెబుకు కోపం వచ్చిందట, దాదా పేరు కూడా లేదు. మూడు రోజులు అలాగే నిలబడి నాలుగో రోజు పెట్టె సర్దుకున్నాను. గదిలోవాళ్ళు పెట్టె తాడు కట్టడానికి సాయం కూడా చేశారు. దాదా బస్టాండుకు వచ్చాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. బస్సు వచ్చాక, నా పెట్టె పైకి అందించి, అప్పుడు మరాఠీలో అడిగాడు.

"నేను చెయ్యి బిగించాను కదా?"

"బిగించావు దాదా."

"నీకు తెలిసింది కదా?"

"తెలిసింది."

తల ఊపాడు. "అదొక్కటే అడుగుదామని వచ్చాను" అన్నాడు. అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వదినకు ఏం చెప్పాడో నేను అడగలేదు. తర్వాత అతనికి ఒక కార్డు రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. తెలుగు నేర్చాక తెలుగులో రాద్దామంటే అతను చదవలేడు. మరాఠీలో మొదలుపెడితే అది పంతులు ఉత్తరంలాగే క్షేమం కోరుతూ దరఖాస్తయిపోయేది. ఒక్క కార్డు కూడా పోస్టు చెయ్యలేదు.

ఊళ్ళో మాత్రం నా కథ నాకంటే ముందే చేరింది. అహేరి వాళ్ళెవరో ఆ ఫైనల్ చూశారట. నేను బస్సు దిగేసరికి బాపు నిలబడి ఉన్నాడు, నా మోకాళ్ళ కేసి కూడా చూడకుండా పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. చాయ్ హోటల్లో, పడవ రేవులో, బండి మీద, ఎక్కడ మనిషి దొరికితే అక్కడ అదే మాట. "ఎవ్వడు చూడలే. అంపైరే చూడలే. మావోడే తగిలిందని లేచిండు. కప్పు పోతే పాయె." ఆటకు జీతమేంది అని వారం రోజులు పరేషాన్ అయిన మనిషికి, చివరికి ఆ జీతం ఎందుకిచ్చారో అర్థమైనట్టుంది.

జెండా పండగకు పంతులు నన్ను బడికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. సత్యం గురించి మరాఠీలో పెద్ద ఉపన్యాసం చేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు లేచి వాళ్ళ నోళ్ళు మూయించాలన్నంత కోపం వచ్చింది. నా సత్యానికి వేరే మనిషి పొయ్యి ఆరిందని ఆ కుర్చీలోంచి చెప్పాలనిపించింది. మిఠాయి ఇస్తే తీసుకుని ఇంటికి వచ్చాను. మిల్లులో నా పేరు ఎవరికీ తెలియదు, ఇక్కడ అందరికీ తెలిసిన మనిషి నేను కాదు. రెంటిలో ఏది నయమో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

చలి పోయింది. నది ఒదిగింది. పిలిచేవాళ్ళు అందరికంటే ముందు మా ఇంటి ముందు ఆగేవాళ్ళు. నన్ను మూలలో నిలబెట్టి, నా పక్కన నిలబడటానికి పోటీలు పడేవాళ్ళు. అలా కొన్ని సాయంత్రాలు హాయిగానే గడిచాయి. ఒక రోజు మామూలు ఆట ఆడుతున్నాం. కప్పు లేదు, పర్మనెంటు లేదు, గెలిచినా ఓడినా చీకటి పడితే ఇంటికి పోవడమే. అవతలి వైపు నుంచి మా వాడవాడే కూతకు వచ్చాడు. నా పక్కన చెయ్యి పట్టుకున్నది మా ఎదురింటి అతను. వచ్చినవాడు తిరిగిపోతూ కాలు విసిరాడు. అతని బొటనవేలు నా పిక్కకు తగిలింది.

నాకు లేవాలని తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలిసింది అదొక్కటే. కానీ ఆ క్షణం నాకు ఇసుక కనపడలేదు. గీతకు జానెడు దూరంలో ఆగిన ఆ వేళ్ళు కనపడ్డాయి. నా చెయ్యి దానంతట అది ఎదురింటి అతని చేతిని బిగించింది, గట్టిగా, అచ్చం దాదా బిగించినట్టే. ఈసారైనా ఆగుదామనుకున్నానో ఏమో. ఆగాను. కదలకుండా నిలబడ్డాను. కూతకు వచ్చినవాడు తన వైపు చేరి, వెనక్కి తిరిగి, నేను లేస్తానని కాసేపు చూశాడు. తర్వాత మొహం తిప్పుకున్నాడు. ఎదురింటి అతను తన చేతి కేసి చూసుకున్నాడు. ఆట సాగింది. ఆ రోజు మేమే గెలిచాం.

మరునాడు సాయంత్రం నిక్కరు తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాను. వాడ ఆ కొస నుంచి "ఇసుకలకు నడువు" అన్న మాట ఒక్కో ఇంటి ముందూ ఆగుతూ వస్తోంది. మా ఎదురింటి ముందు ఆగింది. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి అడుగులు కాస్త మెల్లబడ్డాయి, ఆ మెల్లబడటం నేను విన్నాను. తర్వాత మాటల్లో పడ్డట్టు దాటిపోయాయి. మూలింటి అతను ఆ వేసవి ఎలా కూర్చున్నాడో అప్పుడు నాకు తెలిసింది. నేను ఇందాక చెప్పిన ఆ ఒక్కసారి ఇదే. మిల్లు గదిలో ఉన్నప్పుడు కనీసం తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉందనుకునేవాణ్ణి.

బాపు ఎద్దులకు నీళ్ళు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనా విన్నాడు. మా వాడలో పిలుపు దాటిపోవడమంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"తగిలిందా?"

"తగిలింది బాపు."

"మరి లేవకపోతివేంది?"

దాదా గురించి చెబుదామనుకున్నాను. తొమ్మిదేళ్ళ గేటు గురించి, వదిన గొంతు తగ్గించి అడిగిన మాట గురించి, బిగిసిన చెయ్యి గురించి. "లేవబుద్ధి కాలే" అన్నాను.

బాపు కాసేపు నా పక్కన కూర్చుని లేచి, లోపలికి పోయి అన్నం పెట్టమన్నాడు. నది వైపు నుంచి కూత వినపడుతోంది. మరునాడు నేను ఆయనతో చాయ్ హోటలుకు వెళ్ళాను. పాతగూడెం నుంచి వచ్చిన ఎవరో కొత్తాయన, కప్పు పోగొట్టుకుని నిజం చెప్పింది మీ కొడుకేనా అని అడిగాడు. బాపు చాయ్ ఊదుకుంటూ ఈసారి వానలు ఎలా ఉంటాయోనన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన ఆ కథ ఎవరికీ చెప్పలేదు.